మట్టి కొమరయ్య వంకర గూడు

అనగనగా ఒక అడవి. అడవంటే పులులూ సింహాలూ అనుకునేరు. వాటి గొడవ ఇవాళ మనకొద్దు. ఆ అడవి చివర ఒక వాగు ఉంది. వాగు గట్టున ఒక తుమ్మచెట్టు, కొమ్మలన్నీ నీళ్ళ మీదికి వంచుకుని ఉండేది. ఆ కొమ్మలకు గూళ్ళు కట్టుకుని గిజిగాళ్ళు కాపురం ఉండేవి. కింద నీళ్ళు, చుట్టూ ముళ్ళు. పిల్లి ఎక్కలేదు, పాము దిగలేదు. బుద్ధి ఉన్న పిట్టలు కదా, చోటు బాగానే చూసుకున్నాయి. ఆ బుద్ధి మిగతా విషయాల్లో ఎటు పోయిందో చెబుతాను వినండి. చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మండితే మండనీ, మీరు మాత్రం మధ్యలో లేవొద్దు.

గిజిగాళ్ళలో ఒక పద్ధతి ఉంది. గూడు కట్టేది మగపిట్ట. రెల్లుగడ్డి ఆకును సన్నగా చీల్చి తెచ్చి, ముక్కుతో ముడేసి అల్లుతుంది. సగం దాకా అల్లి ఆగుతుంది. అప్పుడు ఆడపిట్ట వచ్చి చూస్తుంది. ఊరికే చూడటం కాదు. లోపలికి దూరి, ముక్కుతో లాగి, కాళ్ళతో తొక్కి, ఊగి చూస్తుంది. నచ్చితే అక్కడే కూర్చుంటుంది. కూర్చుందంటే ఆ గూడు ఆమెదే. ఆ తరవాతే మగపిట్ట మిగతా సగం అల్లి, కిందికి వేలాడే గొట్టంలా దారి కట్టి పని ముగిస్తుంది.

అంటే ఏమైంది? గూడు బాగుందో లేదో చెప్పాల్సింది ఎవరు? అందులో గుడ్లు పెట్టే తల్లి. ఎంత చక్కటి పద్ధతి! దాన్ని కూడా పాడు చేసినవాడు ఒకడున్నాడు. ఆయన పేరు సింగారయ్య.

సింగారయ్య ఆ చెట్టు మీద అందరికంటే పెద్ద గిజిగాడు. అన్నిటికంటే పై కొమ్మకు ఆయన ఎప్పుడో కట్టిన గూడు ఒకటి వేలాడేది. దాన్ని అందరూ మచ్చు గూడు అనేవాళ్ళు. ఏ పోచా బయటికి పొడుచుకు రాదు. ఏ ముడీ కనబడదు. గొట్టం వానచినుకు పడ్డట్టు నిటారుగా కిందికి దిగుతుంది. ఎక్కడైనా ఒక పోచ ఎండితే చాలు, సింగారయ్య దాన్ని తీసేసి పచ్చిది పెట్టేవాడు. రోజంతా అదే పని ఆయనకు.

"గూడంటే ఇలా ఉండాలి. కింది నుంచి చూసి నేర్చుకోండి. ముట్టుకోవద్దు. లోపలికి మాత్రం అసలు దూరొద్దు," అనేవాడు.

ప్రతి ఏడూ గూళ్ళు కట్టే కాలం వస్తే, ఆయన కొమ్మ కొమ్మకూ తిరిగేవాడు. తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, ప్రతి గూటినీ మచ్చు గూటితో పోల్చి చూసేవాడు. "ఊహూ" అన్నాడంటే అంతే. మగపిట్టలు కళ్ళు తేలేసేవి. ఆడపిట్ట ఏమందో ఎవరికీ పట్టేది కాదు.

ఆ చెట్టు మీదే ముత్యాలు అనే ఆడపిట్ట ఉండేది. ఈ కథ ఆమెదే. ముత్యాలుకు నిరుడు ఒక కష్టం వచ్చింది. నిరుడు ఆమె కూర్చున్న గూడు, మచ్చు గూటికి అచ్చం జోడు. సింగారయ్య కూడా "భేష్" అన్నాడు. కానీ అది ఎండుటాకంత తేలిక. ఒకరోజు గాలి గట్టిగా వీచింది. గూడు అటూ ఇటూ ఊగి, తలకిందులై, మళ్ళీ నిలబడింది. అంతసేపూ ముత్యాలు కాళ్ళతో గూటిని గట్టిగా పట్టుకునే ఉంది. ఏం లాభం? తెల్లటి గుడ్లు ఒకదాని వెనక ఒకటి ఆ నిటారు గొట్టంలోంచి జారి వాగులో పడిపోయాయి.

ముత్యాలు ఏడుస్తుంటే సింగారయ్య వచ్చాడు. గూటి చుట్టూ తిరిగి చూశాడు. "గూట్లో ఏ తప్పూ లేదు. నీకు కూర్చోవడం రాదమ్మా," అన్నాడు.

చూశారా! కడుపు కోతతో ఉన్న తల్లితో అనే మాటేనా అది? ఏడాదంతా ఆ మాట ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. నిజంగా నాకే కూర్చోవడం రాదేమో అని కూడా అనుకుంది పాపం.

ఈ ఏడు మళ్ళీ రెల్లు పచ్చబడింది. మళ్ళీ గూళ్ళు మొదలయ్యాయి. ముత్యాలు ఒక్కో గూడూ దూరి చూసింది. అన్నీ నిగనిగలాడుతున్నాయి, అన్నీ ఊగుతున్నాయి. ఇంకో కొమ్మ చివరికి వెళ్ళేసరికి అక్కడ కొమరయ్య కనిపించాడు.

కొమరయ్య మంచివాడు. కానీ పుట్టుకతోనే ముక్కు చివర కాస్త ఎడమకు తిరిగి ఉండేది. అందుకని ఏది అల్లినా ఎడమకే పోయేది. పైగా ఇంకో పిచ్చి కూడా ఉంది. వాగు గట్టు నుంచి తడి బంకమట్టి ముక్కున కరచుకొచ్చి గూటి లోపలి గోడకు అంటించేవాడు. ఎక్కడ పడితే అక్కడ ముద్దలు ముద్దలుగా. అందుకే అందరూ 'మట్టి కొమరయ్య' అని వెక్కిరించేవాళ్ళు.

"ఎందుకయ్యా అంత మట్టి?" అని అడిగింది ముత్యాలు.

కొమరయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. "ఏమో మరి. మట్టి లేకపోతే నాకది గూడులా అనిపించదు. మానుకుందామనే అనుకుంటా, చేత కాదు," అన్నాడు.

ముత్యాలు లోపలికి దూరింది. ముక్కుతో లాగింది, రాలేదు. కాళ్ళతో తొక్కింది, కుంగలేదు. ఇటు నుంచి అటు ఊగింది. గూడు ఒక్కసారి కదిలి, బరువుగా వెనక్కి వచ్చి నిలబడింది. నిరుడు నా గుడ్లు ఇలాంటి గూట్లో ఉండి ఉంటే అనుకుంది. రెక్కలు ముడుచుకుని అక్కడే కూర్చుంది.

"నాకిది చాలు. ఇదే నా ఇల్లు. మిగతాది కట్టెయ్," అంది.

కొమరయ్య ఆనందం చూడాలి! కొమ్మ చుట్టూ గిరగిరా తిరిగాడు. ఆ కబురు విని సింగారయ్య రానే వచ్చాడు. తల వాల్చాడు. కన్ను మూశాడు.

"ఏంట్రా కొమరా ఇది? గూడా, పందిరికేసిన సొరకాయా? లోపలంతా మట్టి! మచ్చు గూట్లో ఒక్క మట్టి రవ్వైనా ఉందా?"

"లేదు మామా," అన్నాడు కొమరయ్య.

"మరి? నీ గురించి నాకెందుకులే గానీ, చెట్టు పరువు పోతుంది," అని ఎగిరిపోయాడు.

ముత్యాలు మేతకు వెళ్ళి వచ్చేసరికి కొమ్మ చివర ఏమీ లేదు. గడ్డి పోచలు నీళ్ళ మీద కొట్టుకుపోతున్నాయి. కొమరయ్య తలవంచుకుని కూర్చుని ఉన్నాడు.

"గూడేదయ్యా?"

"పీకేశా. ఈసారి వంక లేకుండా కడతా ముత్యాలూ. చూస్తూ ఉండు."

"నేను కూర్చున్న గూడు పీకేశావా? నన్ను ఒక్క మాట అడగకుండా?"

"మామ బాగాలేదన్నాడు."

"ఆ మామ వచ్చి పెడతాడా గుడ్లు?" అని అరిచింది ముత్యాలు.

వేరే ఆడపిట్టైతే వేరే గూడు చూసుకునేది. పక్క కొమ్మ పైడమ్మ అదే చెప్పింది. "ఎందుకు వదినా ఆ మట్టోడితో తంటా? చక్కటి గూళ్ళు ఎన్ని లేవు?" అంది. ముత్యాలు వినలేదు. ఊగని గూడు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? ఇంకో ఏడాది గుడ్లు వాగుపాలు చేసుకునే ఓపిక ఆమెకు లేదు.

కొమరయ్య రెండో గూడు మొదలుపెట్టాడు. ఈసారి మట్టి ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ముత్యాలు దూరి ఊగి చూసింది. గూడు గిర్రున తిరిగింది.

"నేను కూర్చోను. మట్టి పెట్టు," అంది.

"మామ చూస్తే?"

"మామ లోపలికి దూరడుగా. నువ్వు పెట్టు!"

కొమరయ్య దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూసుకుంటూ మట్టి తెచ్చి లోపల అంటించాడు. తన గూట్లో తను మట్టి పెట్టుకోవడానికి దొంగచూపులేంటర్రా! ఏం ఖర్మ! సరే, ముత్యాలు కూర్చుంది. కొమరయ్య మిగతా సగం అల్లి, గొట్టం కూడా దించాడు. గొట్టం ఎడమకు తిరిగింది. ముక్కు ఎటుంటే అల్లిక అటే కదా, పాపం అతను మాత్రం ఏం చేస్తాడు?

సింగారయ్య ఆ గూటి కింద నుంచి రెండు సార్లు ఎగిరి వెళ్ళాడు. ఏమీ అనలేదు. కిచకిచా నవ్వాడు, అంతే. ఆయన వెనకే పైడమ్మ మొగుడు అప్పన్న కూడా నవ్వాడు. "కొమరయ్యా, మీ గొట్టం ఏ ఊరికి పోతోంది?" అన్నాడు. చెట్టంతా గొల్లుమంది.

ఆ సాయంత్రానికి రెండో గూడు కూడా వాగులో ఉంది.

ఈసారి ముత్యాలు అరవలేదు. కొమరయ్యకు ఎదురుగా కూర్చుని, "ఎవరి కోసం కడుతున్నావు?" అని అడిగింది.

"నీ కోసమే."

"నా కోసమైతే నాకు నచ్చిందిగా. ఎందుకు పీకావు?"

"నీకు మంచిది ఇవ్వాలని కాదూ? నేను చేసింది నీకెలా సరిపోతుంది? వంకరా టింకరా... నాకే సిగ్గేస్తోంది ముత్యాలూ. కళ్ళు మూసుకుంటే ఆ మచ్చు గూడే కనిపిస్తోంది," అన్నాడు కొమరయ్య. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముత్యాలుకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కోపం అతని మీద సగం, ఇంకెవరి మీదో సగం. ఆ ఇంకెవరి మీదో ఉన్న సగమే రోజురోజుకూ పెరిగింది.

పిల్లలూ, గడ్డి పచ్చగా ఉన్నన్నాళ్ళే గూడు అల్లగలరు. ముదిరితే పెళుసెక్కి విరిగిపోతుంది. రెల్లు ముదరడం మొదలైంది. పడమటి నుంచి నల్ల మబ్బులు రావడం మొదలైంది. ముత్యాలు పొట్ట బరువెక్కింది. ఇవాళో రేపో గుడ్డు పెట్టేలా ఉంది. గూడు లేదు. గుడ్డును ఆపుకోమంటే ఆగుతుందా?

కొమరయ్య రెక్కలు విరిగేలా తిరిగి, దూరంగా మడుగు పక్కన ఇంకా పచ్చగా ఉన్న రెల్లు వెతికి తెచ్చాడు. మూడో గూడు అల్లాడు. మట్టి పెట్టాడు. ముత్యాలు దూరి, తొక్కి, ఊగి చూసింది. ముందు రెండిటికంటే బాగుంది. గట్టిగా ఉంది, కదలకుండా ఉంది. హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇక గొట్టం ఒక్కటే మిగిలింది. కొమరయ్య గొట్టం దించడం మొదలుపెట్టాడు. సగం దించి, కొంచెం దూరం ఎగిరి వెళ్ళి, వెనక్కి తిరిగి చూశాడు.

ఎడమకు పోయింది.

ఈసారి సింగారయ్య రాలేదు. అప్పన్న నవ్వలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనాల్సిన పనే లేకపోయింది. సింగారయ్య ఎప్పుడో వచ్చి కొమరయ్య బుర్రలో కూర్చున్నాడు! కొమరయ్య తనంతట తనే తల ఒక పక్కకు వాల్చాడు. తనే ఒక కన్ను మూశాడు. తనే "ఊహూ" అన్నాడు. అన్నాక గూటి దగ్గరికి వచ్చి, కొమ్మకు కట్టిన మొదటి ముడి మీద ముక్కు పెట్టాడు. ఆ ఒక్క ముడి విప్పితే గూడు మొత్తం నీళ్ళలో పడుతుంది.

"ఆగు!" అని అరిచింది ముత్యాలు. "నేను వచ్చేదాకా ఆ ముడి విప్పావంటే నా మొహం మళ్ళీ చూడవు. ఆ మచ్చు గూట్లో అంత గొప్ప ఏముందో చూసొస్తా."

"అందులోకి దూరకూడదు ముత్యాలూ!"

"ఎందుకు దూరకూడదు? గూడు కాదా అది?"

రివ్వున పైకి ఎగిరింది. సింగారయ్య తన గూటి పక్కనే ఎండు పోచ ఏరుతున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే ముత్యాలు గొట్టంలోంచి జొరబడి లోపలికి వెళ్ళిపోయింది. చెట్టు మీద పిట్టలన్నీ నిర్ఘాంతపోయాయి. ముక్కున వేలేసుకుందామంటే వాటికి వేళ్ళు లేవు గానీ, ఉంటే వేసుకునేవే.

లోపల ముత్యాలు కళ్ళు చిట్లించుకుని చూసింది. ఎంత నున్నగా ఉందో! అడుగున మెత్తటి పీచు లేదు. రాలిన ఈక లేదు. పిల్లలు కాళ్ళతో గీరిన గుర్తు లేదు. గుడ్డు పెంకు ముక్కైనా లేదు. ఇన్నేళ్ళ గూడు, ఇందులో ఎవరూ ఒక్క రోజైనా బతకలేదు. ముత్యాలు కాస్త కదిలిందో లేదో, గూడు గిర్రున తిరిగింది. ఆమెకు నిరుటి గాలి గుర్తుకొచ్చింది.

బయటికి వచ్చి అందరికీ వినబడేలా అడిగింది. "సింగారయ్య మామా! ఈ గూట్లో ఇంతవరకూ ఎవరు గుడ్లు పెట్టారు?"

సింగారయ్య ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. "గుడ్లా? ఇందులోనా? నీకు మతి గానీ పోయిందా? గుడ్లు పెడితే గూడు పాడైపోదూ! పీచు పరుస్తారు, ఈకలు రాలుస్తారు, పెంట చేస్తారు. ఒకప్పుడు ఒకామె వచ్చి కూర్చోబోయింది. కాళ్ళకు తడి ఉంది. లేచి పొమ్మన్నాను. ఇంత చక్కటి గూడును పాడు చేయనిస్తానా?"

ఆ మాటకు చెట్టు మీద తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

ముత్యాలుకు నిరుటి నుంచి గొంతులో ఉన్న ముల్లు ఊడి బయటికి వచ్చింది. "పాడైపోతుందా? గుడ్లు పెడితే గూడు పాడైపోతుందా? మరి గూడు ఎందుకయ్యా? చూసుకు మురవడానికా? ఎవరూ కాపురం చేయని గూడు చూపించి, కాపురాలు చేసే మాకు వంకలు పెడతావా? నిరుడు నీ మచ్చుకు సరిపోయిన గూట్లోంచే నా గుడ్లు నీళ్ళలో పడ్డాయి. నాకు కూర్చోవడం రాదన్నావు! ఏడాదంతా ఆ మాట మోశాను నేను. నువ్వెప్పుడైనా గుడ్డు మీద కూర్చున్నావా?"

సింగారయ్య బిత్తరపోయాడు. ఆయనతో ఇలా మాట్లాడినవాళ్ళు ఇంతవరకూ లేరు.

అప్పుడు పక్క కొమ్మ మీద నుంచి పైడమ్మ గొంతు వినిపించింది. "వదినా... మునుపటేడు నా గుడ్లు కూడా అలాగే పడిపోయాయి. నాకే చేతకాదేమోనని ఎవరికీ చెప్పలేదు."

"నావీ పోయాయి," అంది ఇంకో ఆడపిట్ట.

"నాకూ అలాగే అయింది. నా మొగుడికి కూడా చెప్పలేదు," అంది వెనక కొమ్మ మీది ముసలిపిట్ట.

ఒక్కొక్కటే బయటికొచ్చింది. ప్రతి కొమ్మ మీదా ఒక తల్లి, ప్రతి తల్లి లోపలా దాచుకున్న ఏడుపు. ఎవరికి వారు తమదే తప్పనుకుని నోరు మూసుకున్నారు! గూళ్ళు మాత్రం అచ్చం మచ్చు గూడులా చక్కగా ఉన్నాయి. ఏం చేసుకోను ఆ చక్కదనాన్ని? నాకైతే ఇప్పటికీ ఆ పిట్టలను తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

ముత్యాలు తిరిగి కొమరయ్య దగ్గరికి వచ్చింది. కొమరయ్య ఇంకా ఆ ముడి దగ్గరే ఉన్నాడు. అన్నీ విన్నాడు. అయినా ముక్కు ముడి మీద నుంచి తియ్యలేకపోతున్నాడు. అలవాటు అంత చెడ్డది మరి. ముత్యాలు నేరుగా గూట్లోకి దూరింది. రెక్కలు ముడుచుకుని కూర్చుంది.

"పీకు," అంది లోపల నుంచి.

"ముత్యాలూ, గొట్టం చూడు, ఎడమకు..."

"నాకు తెలుసు ఎడమకే ఉందని. కళ్ళున్నాయి నాకు. నేను ఇక్కడ్నుంచి లేవను. గుడ్డు వచ్చేస్తోంది. పీకాలనుకుంటే నన్నూ గుడ్డునూ కలిపి పీకు."

కొమరయ్య గూటి వైపు చూశాడు. పైన మచ్చు గూటి వైపు చూశాడు. మళ్ళీ గూటి వైపు చూశాడు. లోపల ముత్యాలు కళ్ళు మూసుకుని, ఒళ్ళు బిగబట్టుకుని ఉంది. కాసేపటికి ఆమె కాస్త పక్కకు జరిగింది. అక్కడ తెల్లగా, వెచ్చగా ఒక గుడ్డు.

కొమరయ్య ముడి వదిలేశాడు. వదిలేసి వాగు గట్టుకు ఎగిరాడు. ముక్కు నిండా, ఇక పట్టనంత మట్టి తెచ్చాడు. ఈసారి అటూ ఇటూ చూడలేదు. అందరి కళ్ళ ముందూ ఆ ముడి మీదే ముద్దగా పెట్టి గట్టిగా అదిమాడు. తరవాత మిగతా గొట్టం దించాడు. ఎడమకే దించాడు.

ఇక చూడాలి ఆ చెట్టు మీద హడావుడి! ఆడపిట్టలన్నీ మొగుళ్ళ మీద పడ్డాయి. "మట్టి తే! ఇప్పుడే తే!" అని ఒకటే గోల. పైడమ్మ మొగుడు అప్పన్న మాత్రం, "మామ ఏమంటాడో" అని నసిగాడు. "మీ మామ దగ్గరికే పోయి కాపురం చెయ్యి," అని పైడమ్మ తనే వాగుకు పోయి మట్టి తెచ్చుకుంది. అప్పన్న సిగ్గుపడి వెనకే పరుగెత్తాడు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఈదురుగాలి లేచింది. తుమ్మచెట్టు కొమ్మలు నీళ్ళను తాకేలా వంగాయి. ముత్యాలు గుడ్ల మీద ఒళ్ళు పరచుకుని కూర్చుంది. గూడు కదిలింది, బరువుగా వెనక్కి వచ్చింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆమె పొట్ట కింద గుడ్లు ఒకదానికొకటి తగిలి టక్కుమన్నాయే గానీ జారలేదు. బయట కొమరయ్య ఆ ముడిని కాళ్ళతో పట్టుకుని వానలో తడుస్తూ నిలబడ్డాడు.

పైన ఏదో చిరిగిన చప్పుడైంది. మచ్చు గూడు గిరగిరా తిరిగి, కొమ్మ నుంచి ఊడి, గాలిలో తేలుతూ వెళ్ళి వాగులో పడింది. ఎంత తేలికంటే, పడ్డ చప్పుడు కూడా వినపడలేదు. నీళ్ళ మీద ఒక్క పోచ కూడా చెదరకుండా, అందంగా కొట్టుకుపోయింది. దాంట్లో ఏమీ లేదు కాబట్టి ఎవరికీ ఏమీ పోలేదు.

సింగారయ్య ఒక్కడే ఏడ్చాడు. కొందరు జాలిపడ్డారు. ముత్యాలు పడలేదు. "నా గుడ్లు పోయినప్పుడు ఆయన గూడే చూశాడు. ఇప్పుడు నేను నా గుడ్లు చూసుకుంటా," అంది. అంతే కదా మరి!

ఆ ఏడు ఆ చెట్టు మీద కిచకిచలే కిచకిచలు. ముత్యాలు పిల్లలు ఆ వంకర గొట్టంలోంచి జర్రున జారుతూ ఆడుకున్నాయి. గొట్టం వంకర వల్ల గూటికేమైనా మేలు జరిగిందా అని అడుగుతారేమో. ఏమీ జరగలేదు. అది వంకర, అంతే. వంకరగా ఉంటే తప్పేంటి?

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ పిట్టలు పిట్టలే కదా!

మరుసటి ఏడు రెల్లు పచ్చబడింది. ముత్యాలు ఎక్కడో మేతకు వెళ్ళి చెట్టుకు తిరిగొచ్చింది. వచ్చేసరికి అప్పన్న తన గూడును తనే పీకేస్తున్నాడు. పక్కన పైడమ్మ లబోదిబోమంటోంది. పక్కనే కొమరయ్య! తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి ఉన్నాడు.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అంది ముత్యాలు.

అప్పన్న దిగాలుగా చెప్పాడు. "ఎంత కట్టినా నా గొట్టం నిటారుగానే వస్తోంది వదినా. కొమరయ్య గూటిలా ఎడమకు తిరగడం లేదు. అందరూ ఇప్పుడు అలాగే కడుతున్నారు కదా."

"ఇంకాస్త ఎడమకు తిప్పి ఉంటే బాగుండేది," అన్నాడు కొమరయ్య పెద్దరికంగా.

ముత్యాలు కళ్ళు ఎర్రబడ్డాయి. ఒక్క దూకు దూకి కొమరయ్య తోక ఈక ఒకటి లాగిపారేసింది. "సిగ్గు లేదూ నీకు? నిన్న మొన్నటిదాకా నువ్వేడ్చిన ఏడుపు మరిచిపోయావా? సింగారయ్య గూడు పోయిందనుకుంటే నువ్వు తయారయ్యావా!"

కొమరయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. వాల్చిన తల నిలబెట్టాడు. మూసిన కన్ను తెరిచాడు. మెల్లగా అప్పన్న పక్కకు వెళ్ళి కూర్చున్నాడు.

"అప్పన్నా, తప్పైపోయింది. నా ముక్కు వంకర, అందుకే నా గొట్టం వంకర. నీ ముక్కు తిన్నగా ఉంటే గొట్టం తిన్నగానే రానీ. నీకు ముడి మీద ముడి వేసే పిచ్చి ఉందిగా, అలాగే వేసుకో. ఎవరు లాగినా ఊడదు అది. అడగాల్సింది నన్ను కాదు, పైడమ్మను."

పైడమ్మ ముక్కు ఎగబీల్చి, "నాకు ఆ ముడులే నచ్చాయని మొత్తుకుంటూనే ఉన్నా," అంది.

ముత్యాలు అంతటితో ఊరుకోలేదు. నిరుటి తమ పాత గూడు ఇంకా కొమ్మకు వేలాడుతోంది. కింద కూర్చుని కొత్త పిట్టలు దాన్నే చూస్తున్నాయి. "దాన్ని పీకెయ్," అంది కొమరయ్యతో.

ఒకప్పుడు ఎవరూ చెప్పకుండానే గూళ్ళు పీకిన కొమరయ్యకు ఇప్పుడు ముక్కు రాలేదు. "ముత్యాలూ, అది నేను కట్టినవాటన్నిటిలోకీ బాగా కుదిరిన గూడు! మన పిల్లలు పుట్టిన గూడు!"

"పుట్టారు, ఎగిరిపోయారు. దాని పని అయిపోయింది. ఇంకా ఉంచావంటే అదీ మచ్చు గూడే అవుతుంది. పీకు!"

కొమరయ్య మట్టి అదిమిన ఆ ముడిని కష్టపడి విప్పాడు. గూడు దబ్బున నీళ్ళలో పడింది. బరువు కదా, చప్పుడు గట్టిగానే వచ్చింది. పై కొమ్మ మీద సింగారయ్య ఉలిక్కిపడి చూశాడు. ఆయన కూడా ఆ ఏడు కొత్త గూడు మొదలుపెట్టి సగంలో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఒక ఆడపిట్ట తడికాళ్ళతో ఆయన గూట్లోకి దూరింది. సింగారయ్య నోరు తెరవబోయాడు. ముత్యాలు కిందనుంచి తలెత్తి ఆయన వైపే చూస్తోంది. నోరు మూసుకున్నాడు.

కొమరయ్య పచ్చి రెల్లు తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి నిరుటికంటే ఎక్కువ వంకర వచ్చింది. మట్టి కూడా ఎక్కువే పెట్టాడు. అతను దూరం వెళ్ళి వెనక్కి తిరిగి చూసుకోలేదు. ముత్యాలు లోపలికి దూరి, లాగి, తొక్కి, ఊగి చూసి, రెక్కలు ముడుచుకుని కూర్చుంది.

నీతి: వంకే లేని పని కోసం చేతిలో ఉన్న మంచి పనిని పీకి పారేసుకోకు, నీ బలంతో, నీ వంకరతో, నీకు వచ్చిన తీరులోనే గట్టిగా కట్టుకో. ఇంకొకరి కొలతకు నువ్వు వంగకు, నీ కొలతకు ఇంకొకరిని వంచకు.